ఎస్తేరు మేడం అడిగే తీరు

నిన్న మధ్యాహ్నం మా బడి స్టాఫ్ రూములో, ఈ ఏడే చేరిన ఒక టీచరు తలనొప్పిగా ఉందంటూ నీలగిరి తైలం సీసా మూత తీసింది. ఆ ఘాటు ముక్కుకు తగలగానే దిద్దుతున్న పేపర్లు పక్కన పెట్టేశాను. ఎస్తేరు మేడం గదిలో ఎప్పుడూ ఉండే వాసన అది. గోదావరిఖని గాలిలోని బొగ్గు దుమ్ము ఆమెకు పడేది కాదు. ఏడాది పొడుగునా జలుబే. చేతిరుమాలు మీద రెండు చుక్కల తైలం వేసుకుని, దాన్ని ఒకసారి ముక్కుకు ఆనించుకున్నాకే నోరు తెరిచేది. ఆమె కోపాన్ని అణచుకుంటోందని కొత్తవాళ్లు భయపడేవాళ్లు. నిజానికి ఎదుటి మనిషి చెప్పడం పూర్తయిందో లేదో చూసుకునేది, అంతే.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, డిగ్రీ అయిపోగానే నేను ఆమె బడిలో చేరాను. మా నాయనది బొగ్గుబాయిలో పని, మాది కార్మికుల క్వార్టర్లలో ఇల్లు. ఆ క్వార్టర్ల చివరనే బడి. ఒక రేకుల షెడ్డు, దాని పక్కన తర్వాతెప్పుడో కట్టిన నాలుగు గదులు. మేడం వాళ్ల నాయన ఇక్కడ బాయిలు తవ్వుతున్న తొలి రోజుల్లో వచ్చి, వయసంతా భూమి కింద గడిపి, ఆదివారాలు చర్చిలో పాటలు పాడిన మనిషి. భర్త ఆఫీసులో గుమాస్తాగా ఉంటూ చిన్న వయసులోనే గుండెపోటుతో పోయాడు. ఒక్కగానొక్క కూతురు ప్రభను చదివించుకుంటూ ఆమె ఈ బడిని నిలబెట్టింది. పొట్టి మనిషి, నేత చీర, ముక్కు మీదికి జారే కళ్లద్దాలు. ఆమె గొంతు పెంచగా నేను వినలేదు.

నేను చేరిన కొత్తలో ఒక మధ్యాహ్నం ఎవరిదో టిఫిన్ డబ్బా దొర్లి అన్నమంతా నేలపాలైంది. అల్లరికి పేరుబడ్డ పిల్లాడొకడు దగ్గర్లోనే కనబడ్డాడు. "నువ్వే కదరా తన్నింది?" అన్నాను. వాడు తలూపాడు. పక్కనున్న ఇద్దరూ తలూపారు. అంతలో డబ్బా సొంతదారు వచ్చి తన మోచెయ్యే తగిలిందని నింపాదిగా చెప్పాడు. గుమ్మంలో నిలబడి మేడం ఇదంతా చూసింది. సాయంత్రం గేటు దగ్గర ఒక మాట అంది. "నీ ప్రశ్నలనే జవాబు పెట్టి ఇచ్చినవు స్వరూపా. వాడు దాన్నే తీసి మళ్ల నీ చేతిల పెట్టిండు."

నాకు అర్థం కాలేదని నా ముఖం చూసి తెలుసుకున్నట్టుంది. మరునాడు నన్ను ఒకటో తరగతిలోకి తీసుకుపోయి, నిన్న బడికి వచ్చిన కోతి తోక ఎంత పొడుగుందని పిల్లలను అడిగింది. ఏ కోతీ రాలేదు. ఒకడు రెండు చేతులూ చాచి చూపించాడు. ఇంకొకడు అంతకంటే పొడుగన్నాడు. ఒక పిల్ల చేతిలోని చపాతీని గుంజుకుపోయిందట. నల్లా తిప్పి నీళ్లు కూడా తాగిందట. సాయంత్రానికి దాని కడుపు కింద ఒక పిల్ల కోతి కూడా చేరింది. రెండు రోజులు పోయాక, యాభై దాటిన మా ఆయా కొమురమ్మ ఆ కోతిని చీపురుతో తరిమింది తానేనని నాతో చెప్పింది. ఆమె అబద్ధం ఆడే మనిషి కాదు. అంతకు ముందు ఏడాది నిజంగానే ఒక కోతిని తరిమింది.

చివరికి మేడం పిల్లలందరినీ కూర్చోబెట్టి, కోతి రాలేదనీ, తానే ఉత్తగా అడిగాననీ చెప్పేసింది. చాలామంది పకపకా నవ్వారు. ముందు బెంచీలోని ఒక పాప మాత్రం జాలిగా చూసి, "మీరు గదిల ఉన్నరు మేడం, మీరు చూడలే" అంది. ఆ మాటకు మేడం నవ్వింది కానీ, బయటికి వచ్చాక ఆ నవ్వు లేదు. "చూసినవా, కోతిని తెచ్చుడు అల్కగ అయింది. పంపుడే కష్టం" అంది. ఆ మాట లోతు నాకు మరుసటి ఏడు వానాకాలంలో తెలిసింది.

ఆ వానాకాలం మా ప్రాంతమంతా ఒక పుకారు పాకింది. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్లు తిరుగుతున్నారని. ఎవరి పిల్లను ఎత్తుకుపోయారో ఎవరికీ తెలియదు. కానీ పొద్దు వాలితే ఆడుకునే పిల్లలను లోపలికి పిలిచేవాళ్లు, కొత్త ముఖం కనబడితే నిలదీసేవాళ్లు. మా బడి పిల్లలను ఇళ్ల దగ్గర దింపేది ఓదెలు ఆటో. పక్క ఊరి నుంచి వచ్చి, బాయిలో పని దొరక్క ఆటో నడుపుకుంటున్న ముప్పై ఏళ్ల మనిషి అతను. అందరికంటే ఆఖరున దిగేది రెండో తరగతి చదివే శిరీష. ఒక సాయంత్రం ఆ పిల్ల చాలా ఆలస్యంగా ఇంటికి చేరింది. టైరు పంక్చరైందని తల్లికి చెప్పి ఓదెలు వెళ్లిపోయాడు. వేరే రోజుల్లో అయితే ఆ సంగతి అక్కడితో ముగిసేది.

ఆ సాయంత్రం శిరీష చుట్టూ చుట్టపక్కాలు చేరారు. ఏడికి తీసుకపోయిండు, రైల్వే స్టేషన్‌కా, చాక్లెట్ ఇచ్చిండా అని తలా ఒకటి అడిగారు. పిల్ల ముందు కాదంది, తర్వాత ఏడ్చింది, ఆ తర్వాత అవునంది. తెల్లారేసరికి స్టేషన్, రైలు, చాక్లెట్ అన్నీ వరసగా చెబుతోంది. దానికి తోడు శిరీష తాత మల్లయ్య, ఆటో స్టేషన్ రోడ్డు వైపు మళ్లడం తాను కళ్లారా చూశానన్నాడు. ఎన్నో ఏళ్లు బాయిలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి. ఆయన చెప్పాక ఇక ఎవరికీ అనుమానం మిగల్లేదు. ఆటో అడ్డా దగ్గర నలుగురు ఓదెలును కొట్టారు, ఆటో అద్దం పగలగొట్టారు. అతను ఇంట్లో తలుపు వేసుకుని కూర్చున్నాడు. పోలీసులకు చెబుదామని కొందరు, పోలీసులెందుకు మనమే చూసుకుందామని మరికొందరు. ఆ రెండో రకం మాటకే మాకు వణుకు పుట్టింది.

ఆ పొద్దున బడి వేళకు శిరీష తల్లిదండ్రులు, తాత, పిన్ని బడికి వచ్చారు. ఓదెలు అట్లాంటివాడు కాదని చెప్పబోయాను. మేడం చేత్తో నన్ను ఆపింది. పిల్ల తండ్రి వైపు తిరిగి, "మధ్యాహ్నం దాక ఆగు తమ్మీ. బిడ్డతోని నన్ను మాట్లాడనియ్యి. అప్పటికి గూడ నీ మనసుకు పట్టకపోతే పోలీసుల దగ్గరికి నీ ఎంబడి నేనే వస్త" అంది. తల్లినీ తాతనూ మాత్రం గదిలో ఉండమంది. పిల్ల మాట్లాడుతుంటే ఎవరూ నోరు మెదపకూడదని షరతు పెట్టింది. నన్ను తలుపు దగ్గర కూర్చోమంది.

మేడం కుర్చీలో కూర్చోలేదు. కింద చాప మీద శిరీష పక్కన కూర్చుంది. కాసేపు చేతి గాజుల గురించి, ఇంట్లోని కోడిపిల్లల గురించి మాట్లాడించింది. ఆ తర్వాత నెమ్మదిగా, "నిన్న బడి విడిచినంక ఏమేమైందో చెప్పు బిడ్డా. నేను ఆడ లేను. నాకేం తెల్వది. నీకు యాది లేకుంటే యాది లేదను, ఏం గాదు" అంది. శిరీష మొదలుపెట్టింది. ఎవరెవరు ఎక్కడ దిగారో చెప్పింది. ఆటో కింద నుంచి బుస్సుమని చప్పుడొచ్చిందట. ఓదెలన్న తనను షాపు ముందర పాత టైరు మీద కూర్చోబెట్టాడట. షాపతను ట్యూబును నీళ్లల్లో ముంచితే బుడగలొచ్చాయట. మేడం "ఆఁ" అనడం తప్ప ఇంకో మాట అనలేదు. పిల్ల ఆగినప్పుడు తానూ ఆగేది. ఆ ఆగడం నాకు ఎంతో పొడుగ్గా తోచింది, మధ్యలో ఏదో ఒకటి అందించాలని నాలుక దురద పెట్టింది. చివరికి పిల్లే, "మళ్ల స్టేషన్‌కు పోయినం" అంది.

"స్టేషన్ల ఏం చూసినవు?"

"రైలు. అమ్మమ్మ దిగింది. నెత్తి మీద పనసకాయ ఉండె."

శిరీష తల్లి పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాళ్లమ్మ పనసకాయతో రైలు దిగింది ఎండాకాలంలో. ఆ రోజు స్టేషన్‌కు శిరీషను తీసుకుపోయింది తల్లే. మేడం ఆ తల్లి వైపు చూసింది కానీ గెలిచినట్టు చూడలేదు. స్టేషన్ సంగతి ముందుగా ఎవరు అడిగారని పిల్లను అడిగితే, పిన్ని అడిగిందని చెప్పింది. పెద్దవాళ్ల ముఖాలు చూసి పిల్లకు భయమేసింది.

"నేను అబద్ధం చెప్పిన్నా మేడం?"

"లేదు బిడ్డా. నీకు కనబడ్డదే చెప్పినవు" అని ఆ పిల్ల తల నిమిరింది.

మల్లయ్య తాత మాత్రం కదల్లేదు. చిన్నపిల్ల పొరబడవచ్చు, తాను పొరబడలేదు కదా. మేడం కాదనలేదు. తనకంటే పెద్దవాడు కాబట్టి అన్నా అని పిలుస్తూ, ఆ సమయంలో ఎక్కడి నుంచి వస్తున్నాడో, చేతిలో ఏముందో చెప్పమంది. ఆయన కళ్లు సగం మూసుకుని చెప్పుకుంటూ పోయాడు. దవాఖానలో బీపీ గోలీలు తీసుకుని వస్తున్నాడు. ఒక చేతిలో గోలీల సంచి, ఇంకో చేతిలో గొడుగు. వాన జోరుగా పడుతోంది, ఆటో పక్క నుంచి పోతూ ధోవతి మీద బురద చిమ్మింది. అక్కడ ఆగిపోయాడు. నిన్న రోజంతా ఎండ కాసింది. గొంతు తగ్గించి అన్నాడు. "ఇప్పుడు గూడ నా కండ్లల్ల ఉన్నది మేడం. ఆటో మలుగుడు, ఎనుక పిల్ల కూసునుడు. గని వాన నిన్న పడలే."

పంక్చర్ మాట కూడా పిల్ల చెప్పిందే కాబట్టి దాన్నీ చూసుకోవాలంది మేడం. ఆ మధ్యాహ్నమే మెయిన్ రోడ్డు మీది షాపులో అడిగితే, ఆటో సంగతి, టైరు మీద కూర్చున్న పిల్ల సంగతి షాపతనే చెప్పాడు. అంతకు ముందు అతన్ని అడగాలని ఒక్కరికీ తోచలేదు. మరునాడు పొద్దున మల్లయ్య తాత, శిరీష, నేను ఓదెలు ఇంటికి వెళ్లాం. తాత అతని చెయ్యి పట్టుకుని ఆటో అడ్డా దాకా నడిపించుకుని పోయాడు. అందరి ముందూ నిలబడి, తాను చూసిన మాట నిజమే కానీ చూసింది నిన్న మొన్నటి ముచ్చట కాదని, ఇది తన పొరపాటని చెప్పాడు. అద్దం తానే వేయించాడు. మరుసటి వారం నుంచి శిరీష మళ్లీ ఓదెలు ఆటోలోనే బడికి వచ్చింది.

కొన్నాళ్ల తర్వాత ఒక సాయంత్రం, తాతా మనవరాళ్లిద్దరిలో ఒక్కరు కూడా అబద్ధం ఆడలేదు కదా, మరి అట్లా ఎట్లా అయిందని మేడంను అడిగాను. చిన్నపిల్లలకు పెద్దలు చెప్పినదానికి మించిన సాక్ష్యం లేదని, అది చూసినదాని మీద పరుచుకుంటుందని ఆమె అంది. వయసు మీద పడ్డవాళ్లకు చూసినవి ఎన్నో ఉంటాయి, ఏది ఎప్పటిదో విడదీయడమే కష్టమట. నడి వయసు వాళ్ల సంగతేమిటన్నాను. నవ్వి, "మన సంగతి చెప్పరాదు స్వరూపా. మనను మర్లేసి ఇంకోసారి అడిగేటోళ్లు ఉండరు" అంది.

తర్వాత ఆమె బడి బాధ్యత వేరేవాళ్లకు అప్పగించి, గోదావరి అవతల నస్పూర్‌లో ఉద్యోగం చేస్తున్న ప్రభ దగ్గరికి వెళ్లింది. వీలైనప్పుడల్లా బస్సులో వంతెన దాటి వెళ్లి చూసి వచ్చేదాన్ని. సాయంత్రాలు చుట్టుపక్కల క్వార్టర్ల పిల్లలు ఆమె వరండాలో చేరేవాళ్లు. వాళ్లకు కథలు చెప్పేది, వాళ్ల చేత చెప్పించేది. తెలంగాణ కోసం సమ్మెలు సాగుతున్న కాలంలో బస్సులు సరిగా నడవక కొన్ని నెలలు వెళ్లలేకపోయాను. వీలు దొరికి వెళ్లేసరికి వరండా ఖాళీగా ఉంది. మేడం లోపలి గదిలో గోడ వైపు తిరిగి కూర్చుని ఉంది. అడిగినదానికి అవును, కాదు అనడం తప్ప మాట్లాడలేదు.

ప్రభ వంటింట్లోకి పిలిచి చెప్పింది. అమ్మ సంగతులు కలిపేస్తోందట. వయసు వల్ల అట్లా అవుతుందని డాక్టరు చెప్పాడట. చర్చి నుంచి వచ్చిన ఆడవాళ్లకు ఓదెలు ముచ్చట చెబుతూ, కట్టెలు పట్టుకుని జనం బడి మీదికి వచ్చారని, తాను గేటుకు అడ్డంగా నిలబడ్డానని చెప్పిందట. అది నిజం కాదని ప్రభకు తెలుసు. అందరి ముందే "అమ్మా, గట్ల కాలే" అనేసింది. ఆ రోజు నుంచి మేడం ఏ ముచ్చటా చెప్పడం లేదు, పిల్లలను కూడా రావద్దంది. చెబుతుంటే ప్రభ కళ్లు తుడుచుకుంది.

నేను వెళ్లి పక్కన కూర్చున్నాను. మేడమే అంది. "తప్పు చెప్పుడే కాదు, ఏది తప్పో నాకు తెలుస్తలేదు. గందుకే భయం." నా మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు చెప్పకు. అడుగు. ఆ పిల్లను అడిగినట్టు అడుగు."

అడిగాను. నేను కూడా అక్కడ లేనట్టే, ఏమీ తెలియనట్టే అడిగాను. ఆమె పొద్దున బడికి రావడం దగ్గర మొదలుపెట్టింది. చాప, శిరీష గాజులు, పనసకాయ, మల్లయ్య గొడుగు, ఏదీ తప్పిపోలేదు. గేటు దగ్గరికి వచ్చేసరికి జనం, కట్టెలు అంది. ఆ కట్టెలు ఎవరెవరి చేతుల్లో ఉన్నాయని అడిగాను. ఆమె కళ్లు మూసుకుని వెతికింది. నేను ఆగాను. ఆగడం ఆమె దగ్గర నేర్చుకున్నదే కదా.

"ముఖాలు లేవు స్వరూపా" అంది చివరికి. "కట్టెలే ఉన్నయి."

ఆ తర్వాత ఆమె ముఖంలో భయం కొంచెం సడలింది. ఆ రోజుల్లో విన్నవి, భయపడ్డవి అక్కడికి వచ్చి చేరి ఉంటాయని తానే అనుకుంది. దాన్ని పక్కన పెడదామంది. పంక్చర్ షాపుకు ఒక్కతే నడిచి పోయానని, దారిలో చెప్పు తెగిందని చెప్పసాగింది. అప్పుడు నేను ఉండబట్టలేక, ఒక్కరే కాదు మేడం, మీ వెంట నేనున్నాను కదా అనేశాను. ఆ నడక నాకు బాగా గుర్తు. ఎర్రటి ఎండ, ముందు మేడం, వెనుక నేను, షాపు ముందర వేలాడుతున్న టైర్లు. ఆమె నా ముఖంలోకి చూసి, ఎన్నో నెలల తర్వాత మొదటిసారి నవ్వింది. "మరి నిన్నెవరు అడుగుతరు?" అంది.

ఆ వారమే ఓదెలు ఇంటికి వెళ్లాను. ఇప్పుడు అతనికి రెండు ఆటోలు. అతను బయట ఉన్నాడు, భార్య లక్ష్మి చాయ్ పెట్టింది. ఆ రోజు మధ్యాహ్నం ఏమైందో యాది ఉందా అని మాత్రం అడిగాను. షాపు నుంచి మేడం నేరుగా వాళ్లింటికి వచ్చిందని లక్ష్మి చెప్పింది. తెగిన చెప్పు చేత పట్టుకుని, ఎండలో కాళ్లు కాలుతుంటే వచ్చి, ఫికర్ చేయకండి, సంగతి తేలిపోయిందని చెప్పిందట. ఆమె వెంట ఎవరున్నారని అడిగాను. "ఎవ్వలు లేరక్కా, మేడం ఒక్కతే. నా చెప్పులు ఏసుకొని పోయింది. మర్నాడు నువ్వొచ్చినప్పుడు ఆ చెప్పులు నువ్వే తెచ్చి ఇస్తివి గద" అంది. చెప్పులు తెచ్చిన సంగతి నాకు అప్పుడు గుర్తొచ్చింది. మేడం ఆ సాయంత్రం చెప్పగా విన్న నడకను, నన్ను కూడా అందులో కలుపుకుని, అన్నేళ్లూ నాదిగా మోశానన్నమాట. అప్పటికి నాకు ముప్పై నిండి ఎంతో కాలం కాలేదు.

ఆ మాట చెప్పడానికి మళ్లీ నస్పూర్ వెళ్లాను. మేడం విని కళ్లద్దాలు తీసి, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అందులో గెలుపు లేదు. "అంటే ఇది నా ఒక్కదాని రోగం కాదన్నట్టు" అంది. ఆ ఊరట చూసి ప్రభ కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. అమ్మ ఏదైనా పొంతన లేకుండా చెబితే ప్రభ కాదనేది కాదు, ఆ తర్వాత ఏమైంది, పక్కన ఎవరున్నారు అని అడిగేది. కొన్నిసార్లు మేడం తానే సర్దుకునేది. సర్దుకోలేనప్పుడు, "ఇది నాకు తెలుసు, అది మాత్రం నాకు అనిపిస్తున్నది" అని రెండూ వేరుగా చెప్పేది. వరండాలోకి పిల్లలు మళ్లీ వచ్చారు. ఈసారి కథల్లో తప్పులు పట్టే పని వాళ్లకే అప్పగించింది. మేడం, నిన్న గుర్రం తెల్లది అన్నరు అని వాళ్లు అరిస్తే, గట్లనా, మీరే చెప్పుండ్రి అనేది.

తెలంగాణ వచ్చిన రోజు కాలనీలో పటాకులు కాలుస్తుంటే, పిల్లలు ఆమెను కుర్చీతో సహా వరండా చివరకు లాక్కొచ్చారు. ఈ రోజు ఎట్లుందో పెద్దయ్యాక మీరు చెప్పుకోవాలె, మంచిగా చూసి పెట్టుకోండని వాళ్లకు చెప్పింది. ఆ మరుసటి చలికాలంలో, పెద్దగా బాధపడకుండా పోయింది. శిరీష అప్పటికి డిగ్రీ చదువుతోంది. ప్రార్థన దగ్గరికి వాళ్లమ్మతో కలిసి వచ్చి, ఆటో సంగతి తనకు ఏమీ గుర్తు లేదని, బుడగలు మాత్రం గుర్తున్నాయని చెప్పింది.

ఇప్పుడు నేను కూడా ఒక బడి నడుపుతున్నాను. తగవు తెచ్చిన పిల్లలకు, నేను అక్కడ లేను, మీరు చెప్పండి అంటాను. చెప్పి ఆగుతాను. తల్లిదండ్రులు కొందరు దాన్ని చేతకానితనం అనుకుంటారు. ఎవరి మీదైనా ఏదైనా మాట బాగా నమ్మకంగా నా నోటికి రాబోతే, ముందు నన్ను నేను మర్లేసి అడుగుతాను. మేడం చెప్పినట్టు, నా వయసు వాళ్లను అడిగే పని ఎవరూ పెట్టుకోరు.

ఆమెను ఆఖరిసారి చూసి వస్తున్నప్పుడు, గేటు దాకా వచ్చి నిలబడి చెయ్యి ఊపిందని నాకు గుర్తు. అప్పటికి అమ్మ మంచం దిగడం లేదని ప్రభ అంటుంది. ప్రభ మాటే నిజమై ఉండాలి. అది అంతకు ముందు ఏదో ఒక రోజుది కావచ్చు. ఏ రోజుదో తేల్చుకోవాలని ఇప్పుడు నాకు లేదు. ఆ చెయ్యి ఆమెదే, నా కోసమే ఊపింది. ఆ రెండూ నాకు తెలుసు.